కోరింగకి పోటూ పాటూ చూసుకుని రండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఈమధ్య మీ ఆదివారం అనుబంధంలో సెలవులకి వెళ్లదగ్గ చోట్ల గురించి రాస్తూ మా కోరింగ మడ అడవికి కూడా నాలుగు వాక్యాలు ఇచ్చారు. సంతోషం. ఆఖరి వాక్యం చదివాక మాత్రం ఊరుకోబుద్ధి కాలేదు. చెక్క వంతెన మీద నడిచి, ఫొటోలు దిగి, అరగంటలో చూసేసి యానాం వెళ్లిపోవచ్చని రాశారు. అరగంటలో కనపడేది చెక్క వంతెన ఒక్కటేనండీ. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన అడవి అది, 235 చదరపు కిలోమీటర్లు. మనని వెళ్లనిచ్చేదే అందులో ఓ మూల. ఆ మూలనైనా సరిగ్గా చూడాలంటే ఎలా వెళ్లాలో నాకు తెలిసినంత రాస్తున్నాను. పొడుగైందని కత్తిరించుకున్నా ఫరవాలేదు, ముందు మీరు మాత్రం పూర్తిగా చదవండి.

నేను తాళ్లరేవు మండలంలో ఏఎన్‌ఎంగా చేసి రిటైరయ్యాను. సర్వీసులో చాలా భాగం గౌతమి పాయల పక్కనున్న మత్స్యకారుల పల్లెల్లోనే గడిచింది. అప్పట్లో కొన్ని పల్లెలకి రోడ్డు లేదు, నాటు పడవే గతి. టీకాల బాక్సు ఒళ్లో పెట్టుకుని, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని ఎక్కేదాన్ని. 1995లో పల్స్ పోలియో మొదలయ్యాక ఆ తిరుగుడు ఇంకా పెరిగింది. బాక్సులో ఐసు కరిగేలోగా చుక్కలు పడాలి, సాయంత్రానికి లెక్క పైకి వెళ్లాలి. ఒకటే టెన్షన్. పాటు తీసిందంటే, అంటే సముద్రం వెనక్కి తగ్గిందంటే, పాయలో నీళ్లు జారిపోయి పడవ అడుగు బురదకి తగులుకునేది. ఇక మళ్లీ పోటు ఎక్కేదాకా కదలదు. నేను వాచీ చూసుకుంటుంటే పడవ నడిపే ముసలాయన గెడ పక్కన పెట్టి చుట్ట వెలిగించేవాడు. "గాభరా పడకండమ్మగారూ. మీరు కంగారుపడితే నీరొచ్చేత్తాదేంటండీ? దాని టయానికి అదే వత్తాది" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. ఆయన మీద అరవడానికి లేదు, దిగి నడవడానికి లేదు. చేసేదేం లేక బురద కేసి చూస్తూ కూచునేదాన్ని. అడవిని చూడ్డం నాకు అలా అలవాటైంది.

పాటు పూర్తిగా తీశాక బురద మొదట ఖాళీగానే కనపడుతుంది. మన అలికిడికి అక్కడున్నవన్నీ బొరియల్లో దూరి ఉంటాయి. కదలకుండా కూచుంటే కాసేపటికి ఒక బొరియలోంచి రెండు కళ్లు పైకొస్తాయి, వెనకాలే పీత. వేలెడంత కూడా ఉండదు. మగదైతే ముందు కాళ్లలో ఒకటి ఒంటితో సమానంగా ఉంటుంది, రెండోది బుల్లిది. ఆ పెద్దదానితో తినలేదు. బుల్లిదానితోనే బురద గిల్లి నోట్లో పెట్టుకుని, అందులో తనకి కావలసిందేదో తీసుకుని, మిగతా మట్టిని చిన్న ఉండ చేసి పక్కన పెడుతుంది. బొరియ చుట్టూ ఆ ఉండలు పేరుకుంటాయి. పెద్ద కాలిని మాత్రం ఎత్తి ఎత్తి ఊపుతుంది. ఆడదాన్ని పిలవడానికీ అదే, ఇంకో మగదాన్ని బెదిరించడానికీ అదే. ఒకటి మొదలెడితే పక్కది అందుకుంటుంది. చూస్తుండగానే బురదంతా చేతులు ఊపుతున్నట్టు అయిపోతుంది. అప్పుడు ఎవరైనా గట్టిగా దగ్గారా, ఒక్కటంటే ఒక్కటి ఉండదు. మళ్లీ అవి ధైర్యం చేసి బయటికి రావడానికే మీరు చెప్పిన అరగంటలో సగం పోతుంది.

వాటి మధ్యనే బురద మీద గెంతే చేపలుంటాయి. పేరుకి చేపే గానీ నీళ్లలో కంటే బయటే ఎక్కువ కనపడుతుంది. ఒళ్లు తడిగా ఉన్నంతసేపు చర్మంతోనే గాలి పీల్చుకోగలదు. ముందు రెక్కల మీద ఒంటిని ఈడ్చుకుంటూ నడుస్తుంది. అప్పుడప్పుడు కన్ను లోపలికి లాక్కుని మళ్లీ పైకి తీస్తుంది. కన్ను ఆరిపోకుండా తడుపుకోవడం అన్నమాట. కూచుని చూస్తే తప్ప ఇది ఎవరి కంటా పడదు.

ఇక చెట్లు. సందర్శకులు అన్నిటినీ కలిపి 'మడ చెట్లు' అనేస్తారు. తెల్ల మడ ఆకు తిరగేస్తే వెనక బూడిదరంగు, ఎండ పొద్దు ఎక్కితే దాని మీద సన్నటి ఉప్పు పలుకులు. నాలిక్కి ఆనిస్తే ఉప్పగా తగులుతుంది. ఉప్పునీళ్లు తాగి ఆ ఉప్పుని ఆకులోంచి బయటికి కక్కేస్తుంది ఆ చెట్టు. ఉప్పుపొన్నది ఇంకో తీరు. గింజ కొమ్మ మీద ఉండగానే మొలకెత్తి ములక్కాడలా వేలాడుతుంది, బరువెక్కాక జారి బురదలో దిగబడుతుంది, లేదా నీళ్లలో కొట్టుకుపోయి ఇంకోచోట పాతుకుంటుంది. ఇంకా తిల్ల ఉంది. దాని జోలికి పోవద్దు. కొమ్మ విరిస్తే పాలు కారతాయి, అవి కంట్లో పడితే చూపు పోయినంత పనవుతుంది. కట్టెలు కొట్టుకోవడానికి వెళ్లినవాళ్లు కళ్లు గట్టిగా మూసుకుని ఎవరిదో చెయ్యి పట్టుకుని నా దగ్గరికి వచ్చేవారు. నీళ్లతో కడిగి కడిగి కాకినాడ పంపేదాన్ని. సెల్ఫీ కోసం కొమ్మలు వంచే పిల్లల్ని చూస్తే నాకు ఇప్పటికీ గుండె గుభేలుమంటుంది.

వాసన సంగతి కూడా చెప్పాలి. బయటినుంచి వచ్చినవాళ్లు దిగగానే ముక్కు మూసుకుంటారు. ఆ బురదలోకి గాలి చొరదు. రాలిన ఆకులు గాలి తగలకుండా కుళ్లుతుంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. వేళ్లు బురదలోంచి పైకి మొలిచేది కూడా అందుకే, కింద ఊపిరి అందదు కనక. కొంచెంసేపు ఓపిక పడితే ముక్కు అలవాటు పడిపోతుంది. ఏసీ కార్లోకి పరుగెత్తితే మాత్రం పడదు.

రిటైరయ్యాక కాలు నిలవక, మా వీధిలో ఇద్దరు ముగ్గుర్ని పోగేసి ఈ చెక్క వంతెన మీదికే నడకకి తీసుకెళ్లడం మొదలుపెట్టాను. నడక అంటే చేతులూపుకుంటూ షుగరు తగ్గడానికి నడిచేది కాదు. నాలుగడుగులు వేయడం, ఆగడం. మాతో రిటైరైన తెలుగు మాస్టారొకరు వస్తారు, వారి మనవరాలు తొమ్మిదో తరగతి పిల్ల వస్తుంది. గంపలో చేపలమ్ముకునే ఆవిడ బేరం లేని రోజున వస్తుంది. రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలా కాసే కుర్రాడొకడు డ్యూటీ దిగి వస్తాడు. రాత్రంతా ఏరేటర్ల మోత వినీ వినీ ఇంటికెళ్లి పడుకున్నా చెవుల్లో అదే తిరుగుతుందట. వంతెన మధ్యలో నిలబడే కునికిపాట్లు పడతాడు. మేం లేపం.

ఫోన్లు ఆపేసి నా గుడ్డ సంచిలో పడేస్తాం. గేటు దాటాక మాటల్లేవు. అత్యవసరమైతే కాగితం మీద రాసి చూపించాలి. అది మాస్టారి ఆలోచన. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారిది మన పిఠాపురం వైపే కదా, 1963లో ఆయనకి గొంతు పోయాక చెప్పదలుచుకున్నది కాగితాల మీద రాసి చూపేవారు. ఆయన ఊరివాళ్లం, మనం ఓ గంటసేపు ఆ పని చేయలేమా అన్నారు మాస్టారు. విచిత్రమేమిటంటే కాగితం మీద రాయాల్సి వచ్చేసరికి నూటికి తొంభై మాటలు ఎవరికీ అవసరం పడవు. 'చూడు చూడు, పిట్ట' అని ఎవరు రాస్తారు? రాసేలోగా అది ఎగిరిపోతుంది. పక్కవాళ్ల భుజం తట్టి వేలు చూపిస్తే చాలు.

వంతెన మలుపు దగ్గర నీడలో ఆగి, ఒక్కరు ఒక పద్యమో పాటో చెబుతారు. పుస్తకం చూసి చదవకూడదు, నోటికి వచ్చిందే చెప్పాలి. ఒక్కసారే. తర్వాత దాని మీద వ్యాఖ్యానం ఉండదు, 'బాగుంది' అనడం కూడా ఉండదు. ఈ షరతు మాస్టారికి మొదట్లో ప్రాణసంకటంగా ఉండేది. ఎవరు ఏ పద్యం చెప్పినా ఆయన పెదాలు కదిలేవి, వేళ్లు గణాలు లెక్కపెట్టేవి. యతి తప్పితే మొహం చూడాలి. పాపం, పళ్ల బిగువున ఓర్చుకుని, గేటు బయట టీ కొట్టు దగ్గర మొత్తం కక్కేసేవారు. ఇప్పుడు కొంత నయం.

చేపలమ్మే ఆవిడ వంతు వచ్చినప్పుడు "నాకు పజ్జాలు రావండీ" అంది. సరే, నీకేదొస్తే అదే అన్నాం. వాళ్లమ్మ వల బాగుచేసుకుంటూ పాడుకునే పాట ఎత్తుకుంది. రెండు చరణాలు పాడి ఆగిపోయింది. మిగతాది వాళ్లమ్మతోనే పోయిందట. పాట ఆగిన చోట మేమందరం అలాగే నిలబడిపోయాం. కింద పాయలో నీళ్లు వేళ్ల సందుల్లోంచి జారే చప్పుడు అప్పుడు వినపడింది. అంతకుముందు లేకపోవడమేం లేదు, మాకు వినపడలేదు. ఇంట్లో కుర్చీలో కూచుని అదే పాట వింటే ఇంత పట్టించుకునేదాన్నా అంటే అనుమానమే. చెవి ఖాళీగా ఉన్నప్పుడు పడిన మాట నిలుస్తుంది. మాస్టారు ఆ రోజు టీ కొట్టు దగ్గర కూడా నోరు విప్పలేదు.

మనవరాలు తన సొంతంగా రాసుకున్నది చెప్పింది ఇంకోరోజు. తన అనుమతితోనే ఇక్కడ రాస్తున్నాను:

బురదలో ఊపిరాడక
వేళ్లు పైకి మొలిచాయి.
మా క్లాసు రూముకి కూడా
ఇంకో కిటికీ ఉంటే బాగుండు.

తాతగారు ఛందస్సు మాట ఎత్తలేదు. స్కూలు మాట ఎత్తి ఉంటారని నా అనుమానం.

ఇలాంటి నడకని జపాన్‌లో 1982 నుంచి అక్కడి అటవీ శాఖే ప్రోత్సహిస్తోంది. 'షిన్‌రిన్ యోకు' అంటారు, అడవిలో స్నానమాడినట్టు మెల్లగా, అన్ని ఇంద్రియాలతో గడపడం. అడవిలో నడిచినవాళ్లకీ ఊళ్లో నడిచినవాళ్లకీ బీపీ, నాడి, లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను కొలిచి చూస్తే అడవిలో నడిచినవాళ్లకి తగ్గినట్టు అక్కడి పరిశోధకులు ప్రచురించారు. జీవితమంతా బీపీ మిషను పట్టుకు తిరిగినదాన్ని కనక నాకు ఇది ఆశ్చర్యమనిపించలేదు. అలాగని బిళ్లలు మానేసి మడ అడవికి రండని నేను చెప్పడం లేదు, దయచేసి ఎవరూ అలా అర్థం చేసుకోవద్దు. వాళ్ల అడవులు వేరు, దేవదారు జాతి చెట్లు, చల్లటి గాలి. మనవి ఉప్పు బురద, ఉక్కపోత, దోమలు. మాఘం దాటాక పదింటికే చెమటలు కారిపోతాయి. పొడుగు చేతుల చొక్కా, తాగడానికి నీళ్లు ఉండాల్సిందే.

సందడి అంటే నాకు గిట్టదని కూడా అనుకోవద్దు. కార్తీక మాసంలో వనభోజనాలకి ఉసిరి చెట్టు కింద గోలగోలగా పులిహోర తిన్నదాన్నే, అంత్యాక్షరిలో గొంతు చించుకున్నదాన్నే. అది తోటలో చేసుకోవచ్చు. పీతలున్న చోట బ్లూటూత్ స్పీకరు ఎందుకు? సెలవు రోజు వంతెన మీద ఒక జట్టు స్పీకరులో ఒక పాట, ఎదురొచ్చే జట్టు స్పీకరులో ఇంకో పాట. నడుమ పెళ్లి కాబోయే జంట, వాళ్ల వెనక లైట్లు, నెత్తిమీద డ్రోను, "అన్నా, జరగండన్నా, ఫ్రేములో పడుతున్నారు" అని కేకలు. జరిగాం, పాపం వాళ్లకి ముహూర్తం దగ్గర పడుతోంది. ఆ డ్రోను లేచిన వైపు చెట్ల మీది కొంగలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. లకుముకి పిట్ట సంగతి చెప్పక్కర్లేదు. ఇక్కడ బావురు పిల్లులున్నాయి, నీటికుక్కలున్నాయి. బావురు పిల్లి రాత్రి తిరుగుతుంది కాబట్టి మనకి కనపడదు, అడుగులు మాత్రం పొద్దున్న బురదలో అచ్చుపడి ఉంటాయి. ఆ అచ్చు మీద చిప్స్ ప్యాకెట్టు పడి ఉండటం నేను చూశాను.

మొదటిసారి నేను పిలిచినప్పుడు చేపలమ్మే ఆవిడ నన్ను ఒక మాట అడిగింది. "అడవిలోకి ఊరికే నడవడానికెళ్లడం ఏంటండీ, పనిలేకా?" అని. న్యాయమైన ప్రశ్నే. వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు పీతలకీ పుల్లలకీ మోకాలి లోతు బురదలో ఈ అడవిలోనే దిగేవారు, పాము భయం, తిల్ల పాల భయం పెట్టుకుని. వాళ్లకి లేని ప్రశాంతత ఇక్కడ మనకి మాత్రమే దొరుకుతుందంటే వినడానికి బాగుండదు. ఆవిడ ఇప్పుడు వస్తోంది గానీ ఆ ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒకటి మాత్రం అనిపిస్తుంది. ఏ పాయ ఎటు తిరుగుతుందో, ఏ పిట్ట కూత ఎప్పుడు మారుతుందో మాకందరికీ చూపించేది ఆవిడే. ఇలాంటి నడకలు ఎవరైనా సరిగ్గా పెట్టదలిస్తే ముందు నడిచేది మైకు పట్టుకున్న గైడు కాకుండా ఈ పల్లెల మనిషై ఉండాలి, చేతికి కూలి ముట్టాలి.

ఈ మడ అడవి ఎవరిని కాసిందో మా వైపు ఇంకా గుర్తుంది. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెనతో కోరింగ రేవు తుడిచిపెట్టుకుపోయింది. ఒకప్పుడు ఓడలు కట్టిన ఊరు, రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లే ఓడలెక్కిన ఊరు, మళ్లీ ఆ రేవు కోలుకోలేదు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను తర్వాత నేను క్లోరిన్ బిళ్లల సంచితో ఆ పల్లెలకి వెళ్లాను. వేటకెళ్లిన మగవాళ్లు తిరిగిరాని ఇళ్లు వరసగా ఉన్నాయి. దాని గురించి ఇక్కడ ఎక్కువ రాయను. మడ దట్టంగా ఉన్న వైపు నీటి జోరు తగ్గిందని ఆ రోజుల్లో పల్లెల వాళ్లే చెప్పేవారు. వేళ్ల గుబురు అలని విరగ్గొడుతుందని తర్వాత చదువుకున్నవాళ్లూ చెప్పారు. ఆ పల్లెల ఆడవాళ్లు ఇప్పటికీ కొందరు అడవి మొగ దగ్గర చెయ్యెత్తి దణ్ణం పెట్టి లోపలికి దిగుతారు. వాళ్ల పక్కనుంచి స్పీకరు మోగించుకుంటూ పోవడం నాకు ఎబ్బెట్టుగా ఉంటుంది.

అడవి చూసుకునే అధికారులకి నా విన్నపం చిన్నదే. కొత్తగా ఏమీ కట్టక్కర్లేదు. రంగు లైట్లు వద్దు, సిమెంటు పీత బొమ్మ అసలే వద్దు. పక్షానికి ఒక ఉదయం, పాటు పొద్దున్న పడే రోజు చూసి, వంతెనని నిశ్శబ్దంగా నడిచేవాళ్లకి వదలండి. ఆ పూట స్పీకర్లు, షూటింగులు, డ్రోన్లు ఉండకూడదు. పడవల ఇంజన్లు వంతెన దగ్గర ఆపి గెడతో నడపమనండి. చిన్న చిన్న జట్లుగా, కాస్త ఎడంతో లోపలికి పంపండి. మిగతా రోజుల్లో ఎవరి సరదా వాళ్లది. పద్యం సంగతి కూడా ఎవరినీ బలవంతపెట్టక్కర్లేదు. రానివాళ్లు వింటారు.

మీకు కూడా ఒక విన్నపం ఉంది. అసలు ఈ ఉత్తరం రాసింది దానికే. మా వైపు పోటు రోజుకి రెండుసార్లు ఎక్కుతుంది, రెండుసార్లు తీస్తుంది. రోజురోజుకీ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అమావాస్య, పౌర్ణములకి పెద్ద పోటు, అష్టమికి చిన్న పోటు. వేటకెళ్లేవాళ్లకి ఇది వేళ్ల మీద ఉంటుంది. కాకినాడ నుంచో రాజమండ్రి నుంచో కారేసుకుని వచ్చేవాళ్లకి తెలియదు. నిండు పోటు మీద వచ్చి, నీళ్లూ ఆకులూ తప్ప ఏమీ లేవని పెదవి విరిచి పోతారు. పీతల బురద మొత్తం అప్పుడు నీళ్ల కిందే ఉంటుంది మరి. మీరు రోజూ జిల్లా పేజీలో సూర్యోదయం వేస్తారు, రాహుకాలం వేస్తారు, దుర్ముహూర్తం వేస్తారు, బంగారం ధర వేస్తారు. కాకినాడ రేవు పోటు పాట్ల వేళలు ఏడాది ముందే లెక్కగట్టి అచ్చువేస్తారు కాబట్టి అవి సంపాదించడం మీకు కష్టం కాదు. రాహుకాలం కింద రెండు లైన్లు చాలు. పాయల లోపలికి పోటు కాస్త ఆలస్యంగా చేరుతుందని పక్కన ఒక ముక్క రాస్తే మరీ మంచిది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఒక రిటైర్డ్ ఏఎన్‌ఎం,
తాళ్లరేవు మండలం